హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌కు అధిక పీడన వాయువు: కంప్రెసరా, సిలిండర్ల బ్యాంకా, ద్రవ నైట్రోజనా?

కాకినాడ_నాజిల్
మా కళాశాల ప్రయోగశాల కోసం మాక్ 6 (శబ్దవేగానికి ఆరు రెట్లు) స్థాయి చిన్న హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టాలని ప్రతిపాదన రాస్తున్నాము. నాజిల్ చివర వ్యాసం 150 మిల్లీమీటర్లు, స్టాగ్నేషన్ పీడనం (నాజిల్‌లోకి దూకకముందు, దాదాపు నిశ్చలంగా ఉన్న వాయువు పీడనం) 20 బార్, స్టాగ్నేషన్ ఉష్ణోగ్రత 500 కెల్విన్, ఒక్కో రన్ 20 సెకన్లు అని ప్రస్తుతానికి అనుకున్నాము. నాజిల్ ఆకృతి గురించి ఎంత వెతికితే అంత సమాచారం దొరుకుతోంది. వాయు సరఫరా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి పటంలోనూ ఎడమ చివర ఒక గడి గీసి, అందులో "అధిక పీడన గాలి" అని రాసి, ఒక బాణం గుర్తు పెట్టి వదిలేస్తున్నారు. ఆ గడిలో ఏముంటుందో, దానికి ఎంత స్థలం కావాలో ఎవరూ వివరంగా చెప్పడం లేదు. ఒక సరఫరాదారు మూడు దశల కంప్రెసర్‌కు 200 బార్ వరకు కొటేషన్ ఇచ్చారు. మరొకరు ద్రవ నైట్రోజన్ తప్ప వేరే మార్గం లేదంటున్నారు. ఎవరి సరుకు వారికి గొప్ప. అనుభవం ఉన్నవారు దారి చూపాలని కోరుతున్నాను.

పాత_ఫిట్టర్
ఒక రన్‌కు ఎన్ని కిలోల గాలి కావాలో ముందు లెక్క వేసి ఇక్కడ పెట్టండి. ఆ అంకె చేతిలో లేకుండా కంప్రెసర్ గురించి మాట్లాడినా, సిలిండర్ల గురించి మాట్లాడినా కాలయాపనే అవుతుంది.

కాకినాడ_నాజిల్
మాక్ 6 దగ్గర నాజిల్ చివరి వైశాల్యం గొంతు (నాజిల్‌లో అన్నిటికన్నా ఇరుకైన చోటు) వైశాల్యానికి సుమారు 53 రెట్లు ఉండాలి. ఆ ప్రకారం మా గొంతు వ్యాసం 20.6 మిల్లీమీటర్లు వస్తోంది. 20 బార్, 500 కెల్విన్ దగ్గర ఆ గొంతు గుండా సెకనుకు సుమారు 1.2 కిలోల గాలి పోతుంది. 20 సెకన్లకు 24 కిలోలు.

పాత_ఫిట్టర్
24 కిలోలంటే మామూలు వాతావరణ పీడనంలో దాదాపు 20 ఘనపు మీటర్ల గాలి. నిమిషానికి 300 లీటర్లు ఇచ్చే చిన్న కంప్రెసర్ ఆ గాలిని గంటా పది నిమిషాల్లో నింపగలదు. అదే గాలిని రన్ జరుగుతున్న 20 సెకన్లలోనే 200 బార్‌కు నొక్కి ఇవ్వాలంటే, నష్టాలన్నీ కలుపుకుని మెగావాట్‌కు పైగా విద్యుత్తు కావాలి. అందుకే ప్రపంచంలో ఎక్కువ హైపర్‌సోనిక్ టన్నెళ్లు బ్లోడౌన్ పద్ధతిలో నడుస్తాయి. చిన్న మోటారుతో రాత్రంతా మేడ మీది ట్యాంకు నింపుకుని, తెల్లవారగానే కుళాయిలన్నీ ఒకేసారి తిప్పినట్లు అన్నమాట. మీరు కొనేది కంప్రెసర్ శక్తిని కాదు, నిల్వను. ఈ మాట మీ ప్రతిపాదన మొదటి పేజీలోనే రాయండి, ఎందుకంటే నిధులు మంజూరు చేసేవారు ముందుగా కంప్రెసర్ ఎంత పెద్దదని అడుగుతారు.

మంజీర
పాత_ఫిట్టర్ గారు చెప్పిన సూత్రం వేడికి కూడా అంతే వర్తిస్తుంది. సెకనుకు 1.2 కిలోల గాలిని 300 నుంచి 500 కెల్విన్‌కు అప్పటికప్పుడు వేడి చేయాలంటే సుమారు 240 కిలోవాట్ల హీటర్ కావాలి, అంతటి కనెక్షన్ కళాశాలలో దొరకడం కష్టం. అదే వేడిని ముందుగా ఒక లోహపు గుళికల గదిలో నిల్వ చేసుకుంటే, రన్ మొత్తానికి కావలసింది దాదాపు 4.8 మెగాజౌళ్లు, అంటే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. కొద్ది కిలోవాట్ల హీటర్‌తో తీరిగ్గా వేడెక్కించుకోవచ్చు.

అసలు వేడి ఎందుకు అని ప్రతిపాదన చదివేవారు అడిగితే సమాధానం సిద్ధంగా ఉంచుకోండి. మాక్ 6 వద్ద స్టాటిక్ ఉష్ణోగ్రత, అంటే ప్రవహిస్తున్న గాలి అసలు ఉష్ణోగ్రత, స్టాగ్నేషన్ విలువలో 8.2వ వంతుకు పడిపోతుంది. 300 కెల్విన్ గాలిని నేరుగా వదిలితే, మోడల్‌ను ఉంచే టెస్ట్ సెక్షన్‌లో 37 కెల్విన్ మాత్రమే ఉంటుంది, గాలి బిందువులుగా మారడం మొదలవుతుంది. 500 తీసుకుంటే 61 కెల్విన్ మిగులుతుంది కాబట్టి మీ ఎంపిక సరైనదే. మాక్ 10 అయితే ఆ నిష్పత్తి 21. అక్కడ వెయ్యి కెల్విన్ దాటక తప్పదు.

గోదారి_గాలి
వేడి చేయకుండా మాక్ 20 దాకా వెళ్లిన టన్నెళ్లు ఉన్నాయని చదివాను. అది ఎలా సాధ్యమైంది?

మంజీర
అవి హీలియంతో నడిచినవి. హీలియం నాలుగు కెల్విన్ దగ్గరికి వచ్చేదాకా ద్రవం కాదు కాబట్టి హీటర్ అవసరం ఉండదు. నాసా లాంగ్లీ కేంద్రంలో 22 అంగుళాల హీలియం టన్నెల్ చాలా ఏళ్లు పనిచేసింది. అయితే హీలియం విశిష్టోష్ణాల నిష్పత్తి 1.67, గాలిది 1.4. అందువల్ల ఫలితాలను గాలికి అన్వయించేటప్పుడు జాగ్రత్త పడాలి. పైగా అది ఖరీదైన వాయువు, వాడినదాన్ని తిరిగి పట్టుకునే ఏర్పాటు ఉండాలి. ఇందుకు పూర్తిగా ఎదురు దిశలో, లాంగ్లీలోనే కార్బన్ టెట్రాఫ్లోరైడ్‌తో నడిచే మాక్ 6 టన్నెల్ కూడా ఉండేది. 1981లో స్పేస్ షటిల్ మొదటి ప్రయాణంలో తిరిగి వస్తున్నప్పుడు, ముక్కు అనుకున్నదానికన్నా ఎక్కువగా పైకి లేవడంతో వెనుక అంచున ఉండే బాడీ ఫ్లాప్ అనే పలకను అంచనాకు దాదాపు రెట్టింపు వంచవలసి వచ్చింది. ఆ తేడాకు కారణం అర్థం చేసుకోవడానికి తర్వాతి కాలంలో ఆ భారీ వాయువు ప్రయోగాలు ఉపయోగపడ్డాయి. ఏ వాయువును సరఫరా చేస్తున్నామనేది కేవలం ఖర్చుకు సంబంధించిన విషయం కాదు.

క్రయో_కృష్ణ
ఆ వాదనతోనే నేను నైట్రోజన్ అంటున్నాను. మీరు దహన ప్రయోగాలు చేయడం లేదు, ఏరోడైనమిక్ బలాలు, పీడనాలు కొలుస్తారు. మాక్ 6, 500 కెల్విన్ దగ్గర నైట్రోజన్‌కూ గాలికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ద్రవ నైట్రోజన్‌ను పంపుతో 200 బార్‌కు నొక్కడానికి కిలోకు సుమారు 25 కిలోజౌళ్లు చాలు, ఆ తర్వాత వేపరైజర్‌లో వాయువుగా మారుతుంది. అదే వాయువు రూపంలో నొక్కితే ఆదర్శ లెక్కలోనే కిలోకు 450 కిలోజౌళ్లు దాటుతుంది. ద్రవం చేయడానికి అయిన శక్తి వేరే ఉంది నిజమే, కానీ ఆ పని ఫ్యాక్టరీ వారు చేసి పెడతారు. అన్నిటికన్నా ముఖ్యం, అందులో తేమ ఉండదు, నూనె ఉండదు. కాకినాడ గాలిని నొక్కి ఎండబెట్టడం కన్నా ఇది ఎంతో మేలు.

పాత_ఫిట్టర్
క్రయో_కృష్ణ గారి లెక్క తప్పని అనను, కానీ మెగావాట్ టన్నెల్‌కు చెప్పవలసిన సలహా కళాశాలకు చెబుతున్నారు. అధిక పీడన క్రయోజెనిక్ పంపు, వేపరైజర్, ద్రవ ట్యాంకు అంటే మూడు ఖరీదైన వస్తువులు. సెలవుల్లో టన్నెల్ నడవకపోయినా ట్యాంకులోని ద్రవం రోజూ కొంత ఆవిరైపోతూనే ఉంటుంది. కంప్రెసర్ ఆపేస్తే ఆగిపోతుంది, ఖర్చూ ఆగుతుంది.

తేమ గురించి మాత్రం ఆయనతో ఏకీభవిస్తాను. వర్షాకాలంలో తీరప్రాంతపు గాలి ఘనపు మీటరుకు 24 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. 20 ఘనపు మీటర్లంటే ఒక్క రన్‌కు దాదాపు అర లీటరు నీళ్లు. ప్రతి దశ తర్వాత కూలర్, సెపరేటర్, డ్రెయిన్ వాల్వు ఉండాలి. ఆ డ్రెయిన్ తెరిచినప్పుడు మొదట పాలలా తెల్లటి నీళ్లు, నూనె కలిసి చిమ్ముతాయి. తర్వాత ఒట్టి గాలి వస్తుంది. ఆ తెల్లటి నీళ్లు ఎక్కువసేపు వస్తున్నాయంటే పిస్టన్ రింగులు చూసుకునే వేళ అయినట్లే.

మంజీర
అందరూ తేలిగ్గా తీసుకునే ఒక మేలు ఇక్కడ ఉంది. 200 బార్‌కు నొక్కి 30 డిగ్రీలకు చల్లార్చగానే, తేమలో అత్యధిక భాగం నీరై సెపరేటర్‌లో దిగిపోతుంది. ఆ గాలిని తిరిగి వాతావరణ పీడనానికి వదిలి కొలిస్తే డ్యూ పాయింట్ (తేమ గడ్డకట్టడం లేదా బిందువులవడం మొదలయ్యే ఉష్ణోగ్రత) సున్నాకు దిగువ 30, 35 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. డ్రయ్యర్‌ను తక్కువ పీడనం వైపు కాకుండా కంప్రెసర్ చివర పెట్టుకుంటే తేమను పీల్చుకునే మాలిక్యులర్ సీవ్ గుళికల చిన్న గది సరిపోతుంది, దానితో సున్నాకు దిగువ 60 వరకు సులభంగా వెళ్లవచ్చు. డ్రయ్యర్ తర్వాత మంచి ఫిల్టర్ మరిచిపోవద్దు. ఆ సీవ్ గుళికలు అరిగి వచ్చే పొడి నాజిల్ గొంతు దాటాక సెకనుకు ఎనిమిది, తొమ్మిది వందల మీటర్ల వేగాన్ని అందుకుని, మోడల్ ముక్కును ఇసుకతో రుద్దినట్లు చేస్తుంది.

విశాఖ_వెల్డర్
మొదటి పోస్టులో మూడు దశల కంప్రెసర్ అన్నారు. దయచేసి ఆ కొటేషన్ పక్కన పెట్టండి. 200 బార్‌ను మూడు దశలకు పంచితే ఒక్కో దశకు 5.85 రెట్లు పడుతుంది, డెలివరీ ఉష్ణోగ్రత లెక్కలోనే 230 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. నాలుగు దశలైతే 3.76 రెట్లు, 170 డిగ్రీల లోపు ఉంటుంది. 230 దగ్గర లూబ్రికేటింగ్ నూనె బొగ్గుగా మారి వాల్వుల మీద పేరుకుంటుంది, అధిక పీడన గాలిలో అది అంటుకుంటుంది. మా పరిశ్రమలో ఒక చోట అలా డెలివరీ పైపు లోపలి నుంచి కాలిపోయింది. బయటి నుంచి చూస్తే పెయింట్ నల్లబడటం తప్ప మరేమీ కనిపించలేదు. పైపు కోసి చూసినప్పుడు లోపల వేలు మందాన మసి పేరుకుని ఉంది.

పాత_ఫిట్టర్
విశాఖ_వెల్డర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. దీనికి తోడు వాల్వు తెరిచే పద్ధతి ఒకటుంది. ఖాళీగా ఉన్న మూసిన పైపులోకి 200 బార్ గాలిని బాల్ వాల్వుతో ఒక్కసారిగా వదిలితే, పైపు చివర చిక్కుకున్న గాలి నలిగి వెయ్యి కెల్విన్‌కు పైగా వేడెక్కుతుంది. అక్కడ ఒక చుక్క నూనె, కాస్త టెఫ్లాన్ టేపు ఉన్నా చాలు. పెద్ద వాల్వు పక్కన చిన్న నీడిల్ వాల్వుతో బైపాస్ పెట్టి, ముందు దానితో లైనును మెల్లగా నింపి, ఆ తర్వాతే పెద్దది తెరవాలి. ఈ వరుస తప్పకుండా ఇంటర్‌లాక్ పెట్టండి, మనిషి జ్ఞాపకం మీద ఆధారపడవద్దు.

టెన్నెసీ_తెలుగు
క్రయో_కృష్ణ గారి నైట్రోజన్ వాదనకు పెద్ద ఉదాహరణ అమెరికాలోనే ఉంది. మేరీలాండ్ రాష్ట్రం వైట్ ఓక్‌లోని టన్నెల్ 9 పూర్తిగా నైట్రోజన్‌తో నడుస్తుంది. నిలువుగా నిలబెట్టిన ఒక హీటర్ పాత్రలో నైట్రోజన్‌ను అధిక పీడనం దగ్గర విద్యుత్తుతో వేడి చేస్తారు. డయాఫ్రమ్‌లు (దారికి అడ్డుగా ఉన్న పలుచటి పలకలు) పగిలి వేడి వాయువు పై నుంచి నాజిల్‌లోకి పోతున్న సమయంలో, పక్కనున్న డ్రైవర్ పాత్రల నుంచి చల్లని నైట్రోజన్ హీటర్ అడుగుభాగంలోకి ప్రవేశించి, వేడి వాయువును పిస్టన్ మాదిరిగా పైకి తోస్తుంది. అందువల్ల నాజిల్ ముందు పీడనమూ ఉష్ణోగ్రతా రన్ సాగినంతసేపు నిలకడగా ఉంటాయి. నిల్వ తరిగిపోతుంటే స్థితి మారకుండా ఎలా నిలపాలనే ప్రశ్నకు ఇంత చక్కని జవాబు నేను మరొకటి చూడలేదు.

ఆ వైట్ ఓక్ ప్రాంగణానికి ఇంకో చరిత్ర ఉంది. జర్మనీలోని పేనెముండే టన్నెల్ సామగ్రి యుద్ధం తర్వాత అక్కడికే చేరింది. పేనెముండేలో అధిక పీడన నిల్వ లేనే లేదు. వెయ్యి ఘనపు మీటర్ల గోళాన్ని పంపులతో ఖాళీ చేసి, బయటి గాలిని సిలికా జెల్ మీదుగా ఎండబెట్టి లోపలికి పీల్చుకునేవారు. వాతావరణమే వారి నిల్వ ట్యాంకు. మాక్ 5 ప్రాంతానికి వచ్చేసరికి ఆ పద్ధతికి కాలం చెల్లింది, ఎందుకంటే ముందు వైపు పీడనాన్ని ఒక బార్‌కు మించి పెంచే వీలు లేదు. 1947లో లాంగ్లీలో జాన్ బెకర్ బృందం మొదలుపెట్టిన 11 అంగుళాల టన్నెల్ మాక్ 7 ప్రాంతంలో పనిచేయగలిగిందంటే, ముందు అధిక పీడన ట్యాంకు, వెనుక వాక్యూమ్ ట్యాంకు రెండూ కలిపి వాడటమే కారణం.

శబ్దవేధి
స్క్రామ్‌జెట్ (శబ్దవేగాన్ని మించి పోయే గాలిలోనే ఇంధనం మండించే ఇంజిన్) పరీక్షలకు నైట్రోజన్ ఎలా సరిపోతుంది? ఇంధనం మండటానికి ఆక్సిజన్ ఉండాలి కదా.

టెన్నెసీ_తెలుగు
సరిపోదు, అందుకే రెండు దారులు వచ్చాయి. ఒహాయో రాష్ట్రంలోని నాసా హైపర్‌సోనిక్ టన్నెల్‌లో గ్రాఫైట్ హీటర్ ఉంది. వేడి గ్రాఫైట్‌కు గాలి తగిలితే కాలిపోతుంది కాబట్టి ముందు నైట్రోజన్‌ను మాత్రమే దాని గుండా పంపి వేడి చేసి, హీటర్ దాటిన తర్వాత ఆక్సిజన్ కలిపి కృత్రిమ గాలి తయారుచేస్తారు. లాంగ్లీలోని 8 అడుగుల హై టెంపరేచర్ టన్నెల్‌లో అధిక పీడన గాలిలో మీథేన్ మండించి, తరిగిన ఆక్సిజన్‌ను మళ్లీ భర్తీ చేస్తారు. రెండో పద్ధతిలో వేడి సులభంగా వస్తుంది, కానీ ఆ వాయువులో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మిగిలిపోయి దహన ఫలితాలను కొంత మారుస్తాయి.

మంజీర
మన హైదరాబాద్ సంగతి కూడా చెప్పుకోవాలి. అబ్దుల్ కలాం క్షిపణి ప్రాంగణంలో 2020 డిసెంబరు 19న ప్రారంభమైన డీఆర్‌డీఓ హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ ముందు పీడనం, వెనుక శూన్యం రెండింటితో నడిచే ఫ్రీ జెట్ తరహాది, అంటే మోడల్ చుట్టూ ప్రవాహం స్వేచ్ఛగా పోతుంది. నాజిల్ చివర వ్యాసం 1 మీటరు, మాక్ 5 నుంచి 12 వరకు. తిరువనంతపురంలో ఇస్రో 2017లో ప్రారంభించిన 1 మీటరు టన్నెల్ మాక్ 6 నుంచి 12 వరకు పనిచేస్తుంది. కాకినాడ_నాజిల్ గారి టన్నెల్‌నే, అదే 20 బార్ దగ్గర, 1 మీటరు వ్యాసానికి పెంచి చూడండి. వైశాల్యం 44 రెట్లు పెరుగుతుంది, సెకనుకు 53 కిలోల గాలి కావాలి. ఇది నా లెక్క, ఆ కేంద్రాల అంకె కాదు. నాజిల్ వ్యాసం ఆరేడు రెట్లు పెరిగితే వెనుకనున్న నిల్వ ప్రాంగణం నలభై రెట్లకు పైగా పెరగాలనేది ఇందులో గమనించవలసిన విషయం. ప్రారంభోత్సవ చిత్రాల్లో టెస్ట్ సెక్షన్ ఒక్కటే కనిపిస్తుంది. నా దృష్టిలో దేశం సాధించిన సామర్థ్యంలో పెద్ద భాగం ఆ చిత్రాల్లో కనిపించని పాత్రల్లో, పైపుల్లో, వాల్వుల్లో ఉంది. వాటిని కట్టినవారికి దక్కవలసిన గుర్తింపు దక్కడం లేదు.

శబ్దవేధి
2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోనే స్క్రామ్‌జెట్ కంబస్టర్‌ను (దహన గదిని) వెయ్యి సెకన్లకు పైగా పరీక్షించారు. మంజీర గారి లెక్క ప్రకారం చూస్తే అంతసేపటికి ఎంత గాలి కావాలో ఊహకు కూడా అందడం లేదు.

మంజీర
అది ఫ్రీ జెట్ పరీక్ష కాదు, కనెక్టెడ్ పద్ధతి. వేడి గాలిని నేరుగా కంబస్టర్ ముఖానికి కలిపి పంపుతారు, చుట్టూ పోయే ప్రవాహం ఉండదు కాబట్టి సెకనుకు కావలసిన గాలి చాలా తగ్గుతుంది. అయినా వెయ్యి సెకన్లపాటు పీడనమూ వేడీ నిలబెట్టడం సరఫరా వ్యవస్థకు గట్టి పరీక్షే.

వ్యాక్యూం_వాణి
ఇంతవరకు అందరూ ముందు వైపే మాట్లాడారు. వెనుక వైపు ఎవరూ చూడలేదు. ఆ 24 కిలోల గాలి ఎక్కడికి పోతుంది? మాక్ 6, 20 బార్ దగ్గర టెస్ట్ సెక్షన్ పీడనం 13 మిల్లీబార్లు. వాక్యూమ్ ట్యాంకు 0.3 బార్ దాటకూడదనుకుందాం. 24 కిలోల గాలి 300 కెల్విన్‌కు చల్లారిందని ఉదారంగా అనుకున్నా 69 ఘనపు మీటర్ల ట్యాంకు కావాలి. నిజానికి ఖాళీ ట్యాంకులోకి దూసుకొచ్చిన వాయువు చల్లారదు, నలిగి ఇంకా వేడెక్కుతుంది, 500 కెల్విన్ వాయువు 700 వరకు పోవచ్చు. అప్పుడు ఘనపరిమాణం రెట్టింపు కన్నా ఎక్కువ కావాలి. మీ ప్రయోగశాల భవనం కన్నా ట్యాంకు పెద్దదవుతుంది.

ఒక ప్రశ్నకు సమాధానం చెప్పండి. 20 సెకన్లు ఎందుకు?

కాకినాడ_నాజిల్
నిజం చెప్పాలంటే పెద్ద టన్నెళ్ల వివరాలు చూసి పెట్టుకున్న అంకె అది. మేము కొలవాలనుకుంటున్నవి ఉపరితల పీడనాలు, ష్లీరెన్ చిత్రాలు (గాలి సాంద్రతలోని తేడాలను చూపేవి), మూడు కాంపొనెంట్ల బ్యాలెన్స్‌తో బలాలు. ఒకటి రెండు సెకన్ల స్థిర ప్రవాహం ఉంటే ఇవన్నీ తీసుకోవచ్చని మా ఆచార్యులు కూడా అన్నారు.

వ్యాక్యూం_వాణి
అయితే 2 సెకన్లకు తగ్గించండి. 2.4 కిలోలే పోతాయి. వేడిని కూడా లెక్కలోకి తీసుకున్నా 15, 16 ఘనపు మీటర్ల ట్యాంకుతో పని జరుగుతుంది. పాత ఇంధన ట్యాంకు చవకగా వస్తోందని మాత్రం కొనవద్దు. లోపలి పీడనానికి తట్టుకునే పాత్ర బయటి పీడనానికి తట్టుకుంటుందన్న నమ్మకం లేదు, స్టిఫెనర్ రింగులు లేని ట్యాంకు శూన్యంలో ఒక్క క్షణంలో నలిగిపోతుంది.

గోదారి_గాలి
రెండు సెకన్లే చాలనుకుంటే లుడ్వీగ్ ట్యూబ్ ఎందుకు కట్టకూడదు? పొడవైన పైపే నిల్వగా పనిచేస్తుంది, రెగ్యులేటర్ ఉండదు. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలోని మాక్ 6 టన్నెల్ అలాంటిదే కదా.

మంజీర
మంచి ఆలోచనే, కానీ కొలత చూడండి. పీడన తరంగం పైపు చివరికి వెళ్లి తిరిగి వచ్చేవరకే స్థితి మారకుండా ఉంటుంది. 500 కెల్విన్ దగ్గర శబ్దవేగం సెకనుకు 448 మీటర్లు, కాబట్టి 10 మీటర్ల పైపుకు దాదాపు 45 మిల్లీసెకన్లు దక్కుతాయి. పర్‌డ్యూలో డ్రైవర్ ట్యూబ్ పొడవు 37 మీటర్లకు పైమాటే. ప్రతి తరంగానికి పీడనం ఒక మెట్టు దిగుతున్నా వారు ఆ మెట్ల మధ్యలో కొలతలు తీసుకుంటూ కొన్ని సెకన్లు నడుపుతారు. వేగంగా స్పందించే సెన్సర్లు ఉన్నవారికి అది సరైన మార్గం. బ్యాలెన్స్‌తో బలాలు కొలవాలనుకునే కళాశాలకు బ్లోడౌన్ సులువు.

క్రయో_కృష్ణ
రన్‌కు 2.4 కిలోలే అయితే నా మొదటి సలహాను నేనే మార్చుకుంటాను. ద్రవ ట్యాంకు అవసరం లేదు, పాత_ఫిట్టర్ గారి కంప్రెసర్ కూడా ఇప్పుడే అవసరం లేదు. మార్కెట్లో దొరికే 7 ఘనపు మీటర్ల నైట్రోజన్ సిలిండర్లు ఒక డజను తెచ్చి మానిఫోల్డుకు (అన్నిటినీ ఒకటిగా చేర్చే పైపుకు) కలపండి. 150 బార్ దగ్గర వాటిలో సుమారు 95 కిలోల నైట్రోజన్ ఉంటుంది. 60 బార్ వరకు వాడుకున్నా 20కి పైగా రన్‌లు వస్తాయి. ఖాళీ అయితే సరఫరాదారు మార్చి ఇస్తారు.

పాత_ఫిట్టర్
దీనికి నాకు అభ్యంతరం లేదు. పైగా మరో లాభం ఉంది. 95 కిలోల్లో 2.4 కిలోలు పోతే బ్యాంకు పీడనం మూడున్నర శాతమే తగ్గుతుంది. అలాంటప్పుడు రెగ్యులేటర్ ఎందుకు? సిలిండర్లకు తగిలించే మామూలు రెగ్యులేటర్ సెకనుకు 1.2 కిలోలు ఇవ్వలేదు. ఇవ్వగల డోమ్ లోడెడ్ రెగ్యులేటర్ ఖరీదైనది, స్థిరపడటానికే అర సెకను పైన తీసుకుంటే మీ రన్‌లో నాలుగో వంతు పోతుంది. దాని బదులు వేగంగా తెరుచుకునే వాల్వు, వెంటనే 7 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఆరిఫిస్ ప్లేటు పెట్టండి. 150 బార్ దగ్గర ఆ రంధ్రం చోక్ అయి (ప్రవాహం శబ్దవేగానికి చేరి అంతకు మించి పెరగకుండా) సరిగ్గా సెకనుకు 1.2 కిలోలు వదులుతుంది. బ్యాంకు పీడనం తగ్గిన కొద్దీ కాస్త పెద్ద రంధ్రం ఉన్న ప్లేటు మార్చుకోవచ్చు. మాక్ సంఖ్యను నిర్ణయించేది నాజిల్ ఆకృతి కాబట్టి పీడనం కొద్దిగా జారినా అది మారదు.

మంజీర
నేను ఇక్కడ కొంత విభేదిస్తాను. మాక్ సంఖ్య మారదు గానీ రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వానికీ జిగటకూ ఉన్న నిష్పత్తి) మారుతుంది. అందువల్ల ప్రతి క్షణం స్టాగ్నేషన్ పీడనం రికార్డు చేసి, కొలతలన్నిటినీ దానితో భాగించి చూపించాలి. బౌండరీ లేయర్ ట్రాన్సిషన్ (ఉపరితలాన్ని ఆనుకున్న గాలి పొర అల్లకల్లోలంగా మారడం) మీద పని చేసేవారికి మూడున్నర శాతం కూడా ఎక్కువే. మీరు చేసే పనికి మాత్రం పాత_ఫిట్టర్ గారి ఏర్పాటు సరిపోతుంది. ఆరిఫిస్ తర్వాత నాజిల్ ముందున్న సెట్లింగ్ చాంబర్, హీటర్ పాత్ర రెండూ చిన్నవిగా ఉంచండి, లేకపోతే అవి 20 బార్‌కు నిండటానికే సమయం పోతుంది.

విశాఖ_వెల్డర్
నైట్రోజన్ అనుకున్నాక ఒక హెచ్చరిక తప్పనిసరి. దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడనట్లు కూడా అనిపించదు. లీకైన గదిలోకి వెళ్లిన మనిషి తల తిరుగుతున్నట్లు తెలిసేలోపే కూలిపోతాడు, అతన్ని లేపబోయిన రెండోవాడూ అక్కడే పడతాడు. నాకు తెలిసిన ఒక వర్క్‌షాపులో వాల్వు గుంటలోకి దిగిన ఇద్దరు ఇలాగే పడిపోయారు, పైనుంచి మూడోవాడు దిగకుండా గాలి గొట్టం వదలడం వల్ల బతికారు. సిలిండర్ల బ్యాంకును గది బయట, పైకప్పు మాత్రమే ఉన్న షెడ్డులో పెట్టండి. టన్నెల్ గదిలో ఆక్సిజన్ మానిటర్ పెట్టి 19.5 శాతం దగ్గర అలారం మోగేలా అమర్చండి. వాక్యూమ్ ట్యాంకులోకి మనిషి దిగే ముందు గాలి ఆడించి, కొలిచి, అనుమతి పత్రం రాయాలి.

కాకినాడ_నాజిల్
చాలా ఉపయోగపడే సమాచారం ఇచ్చారు. పన్నెండు నైట్రోజన్ సిలిండర్లు, మానిఫోల్డు, బైపాస్‌తో కూడిన వాల్వు, ఆరిఫిస్, గుళికల హీటర్, 2 సెకన్ల రన్, 16 ఘనపు మీటర్ల వాక్యూమ్ ట్యాంకు అని ప్రతిపాదన తిరగరాస్తున్నాము. కంప్రెసర్, డ్రయ్యర్ రెండో దశ నిధుల్లో అడుగుతాము, అదీ నాలుగు దశలదే. ఇంకొక్క సందేహం ఉంది. సెట్లింగ్ చాంబర్‌ను 40 బార్‌కు డిజైన్ చేస్తున్నాము. బ్యాంకు 150 బార్. ఆరిఫిస్ ప్రవాహాన్ని అదుపు చేస్తోంది కాబట్టి సేఫ్టీ వాల్వు చిన్నది పెట్టవచ్చా?

పాత_ఫిట్టర్
పెట్టకూడదు. నాజిల్ గొంతు తెరిచి ఉన్నంతసేపే ఆరిఫిస్ మిమ్మల్ని కాపాడుతుంది. హీటర్ గుళికలను పట్టి ఉంచే జల్లెడ విరిగి ముక్కలు గొంతుకు అడ్డం పడ్డాయనుకోండి, బ్యాంకు పీడనమంతా నేరుగా చాంబర్‌లోకి వస్తుంది. కాబట్టి రిలీఫ్‌ను (సేఫ్టీ వాల్వును) మామూలు లీకేజీకి కాక, గొంతు పూర్తిగా మూసుకుపోయి ఆరిఫిస్ పూర్తి ప్రవాహం ఇస్తున్నప్పటి సెకనుకు 1.2 కిలోలకు సైజు చేయాలి. వేడి వాయువు ప్రవాహం కాబట్టి స్ప్రింగు వాల్వుతో పాటు రప్చర్ డిస్కు (పీడనం హద్దు దాటితే పగిలిపోయే పలక) కూడా పెడితే మంచిది.

విశాఖ_వెల్డర్
ఆరిఫిస్ ముందున్న పైపు, వాల్వులు, ఫిట్టింగులు అన్నీ పూర్తి సిలిండర్ పీడనానికి రేటింగు ఉన్నవే వాడండి. చాంబర్ హైడ్రో టెస్టును డిజైన్ పీడనానికి 1.3 రెట్ల దగ్గర నీటితో చేయించండి, తొందరగా అవుతుందని గాలితో చేయనివ్వవద్దు. మీ బ్యాంకు మొత్తంలో నిల్వ ఉండే శక్తి సుమారు 16 మెగాజౌళ్లు, అంటే మూడు కిలోలకు పైగా టీఎన్‌టీతో సమానం. సేఫ్టీ కమిటీకి ఈ అంకె దాచకుండా చూపించండి.

పాత_ఫిట్టర్
రిలీఫ్ పైపు మూతిని గదిలో కాకుండా కప్పు మీదికి తీసుకెళ్లి, మనుషులు తిరగని వైపు నిటారుగా పైకి తిప్పండి. వదిలినప్పుడు అది వెనక్కి తన్నే బలం కూడా లెక్క వేసి, గోడకు క్లాంపులతో కాక నేల నుంచి కట్టిన స్టాండుకు బిగించండి. డ్రాయింగు సిద్ధమయ్యాక ఇక్కడ పెడితే వాల్వుల వరుస ఒకసారి చూసి చెబుతాను.